బోర్డు 230 డిగ్రీలు చూపించిన రోజు: తొమ్మిదో తరగతి వృత్తాలు, ఒక ఐఎఫ్‌పీ, 38 పలకలు

మా బళ్లో ఐఎఫ్‌పీ (వేలితో ముట్టుకుని నడిపే పెద్ద తెర) బిగించిన మొదటి ఏడాది నేను దాన్ని పెద్ద టీవీలాగే వాడాను, అది ఒప్పుకోకుండా ఈ కేస్ స్టడీ మొదలుపెట్టడం న్యాయం కాదు. వీడియో పెట్టడం, మధ్యలో ఆపడం, "అర్థమైందా?" అనడం, వాళ్లు "అర్థమైంది మేడం" అని రాగం తీయడం, మళ్లీ ప్లే నొక్కడం. పిల్లలకి చాలా నచ్చింది. నాకూ గొంతు నొప్పి తగ్గింది.

నేను మార్కాపురం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నాడు-నేడు పథకం కింద 2019 చివర్లో బళ్లు బాగుచేయడం మొదలై, 2023 వచ్చేసరికి తరగతి గదుల్లోకి ఈ ప్యానెళ్లు వచ్చాయి కదా, మాకూ అప్పుడే వచ్చాయి. కాగితాల మీద పేరు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్, మా నోట ఐఎఫ్‌పీ, పిల్లల నోట "బోర్డు టీవీ". పిల్లలు పెట్టిన పేరులోనే నా తప్పు మొత్తం ఉందని నాకు తర్వాత తెలిసింది.

ఆ మొదటి ఏడాది వృత్తాల పాఠంలో ఒక సిద్ధాంతం ఇలాగే వీడియోతో చెప్పాను. ఒక చాపం (వృత్తం చుట్టులో ఒక ముక్క) కేంద్రం దగ్గర చేసే కోణం, అదే చాపం మిగిలిన వృత్తం మీద ఏ బిందువు దగ్గరైనా చేసే కోణానికి రెట్టింపు. కేంద్రం దగ్గర 100 ఉంటే చుట్టు మీద 50. తేలికే. పిల్లలంతా గడగడా అప్పజెప్పారు. తర్వాత పరీక్షలో ఒక బొమ్మ ఇచ్చాను: ఎ, బి వృత్తం మీద రెండు బిందువులు, ఓ కేంద్రం, ఎ-ఓ-బి కోణం 100, అయితే పి బిందువుని పెద్ద చాపం మీద కాకుండా ఎ, బి ల మధ్య చిన్న చాపం మీద పెట్టాను. ఎ-పి-బి కోణం ఎంత అన్నది ప్రశ్న. ముగ్గురు తప్ప తరగతి మొత్తం 50 అని రాసేసింది. బొమ్మలో ఆ కోణం కళ్లకి కట్టినట్టు గురుకోణంలా, వెడల్పుగా నోరు తెరుచుకుని ఉంది, అయినా 50! సిద్ధాంతం కంఠతా వచ్చింది, బొమ్మని మాత్రం ఎవరూ చూడలేదు. నిజానికి వాళ్లు చూడాల్సిన అవసరం లేకుండా చేసింది నేనే, ఎందుకంటే వీడియోలో పి బిందువు ఎప్పుడూ పైనే, ముద్దుగా ఒకే చోట ఉంది.

మరుసటి ఏడాది అదే పాఠం, 38 మంది, అదే గది, అదే ప్యానెల్. ఈసారి వీడియో వద్దనుకున్నాను. జియోజెబ్రా అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టింది. లెక్కల టీచర్లలో చాలామందికి తెలిసిందే. అందులో వృత్తం గీసి ఒక బిందువుని దాని మీద పెడితే, వేలితో లాగినప్పుడు అది వృత్తం దాటి బయటికి రాదు, చుట్టూ తిరుగుతుంది, కోణాలు అప్పటికప్పుడు మారుతుంటాయి. ఒకసారి నా ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్యానెల్‌లోకి యాప్ ఎక్కించుకుంటే ఆ తర్వాత నెట్ అక్కర్లేదు. ఇంట్లో ఫోన్‌లోనే బొమ్మ తయారుచేసుకుని పెన్ డ్రైవ్‌లో పట్టుకెళ్లాను.

గది గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే సగం పాఠం గదే నిర్ణయిస్తుంది. మా ప్యానెల్‌ని సరిగ్గా ఆకుపచ్చ బోర్డు నడిమధ్యలో బిగించారు. దాంతో సుద్దముక్కతో రాసుకునే చోటు రెండు పక్కలా రెండు చీలికలుగా మిగిలింది. ఎడమ కిటికీ తెరిస్తే రెండో పీరియడ్‌లో ఎండ నేరుగా తెర మీద పడుతుంది, ఆ పక్కన కూర్చున్నవాళ్లకి వాళ్ల మొహాలే కనబడతాయి. ఇంకోటి, మా ప్యానెల్ టచ్ ఫోన్ టచ్ లాంటిది కాదు. చట్రం చుట్టూ పరారుణ కిరణాలు వెళ్తుంటాయి, వాటికి ఏది అడ్డొచ్చినా వేలే అనుకుంటుంది. నా గాజులు తగిలితే గీత, పైట చెంగు తగిలితే గీత. మొదటి నెలంతా "మేడం, మీ చీర రాస్తోంది" అని వెనకబెంచీ నుంచి కేకలు. ఇప్పుడు చెంగు దోపుకుని, కుడిచేతి గాజులు పైకి నెట్టుకునే పాఠం మొదలుపెడతాను. సుద్దపొడి చట్రం అంచుల్లో పేరుకున్నా అంతే, ఎవరూ ముట్టుకోకుండానే దానంతటదే నొక్కుకుంటుంది. పొద్దున్నే పొడిగుడ్డతో అంచులు తుడవడం ఇప్పుడు ఒక లీడర్ డ్యూటీ.

ఇక పలకల సంగతి. మార్కాపురం అంటేనే పలకలు కదా. ఒకప్పుడు తెలుగునాట పిల్లలు అక్షరాలు దిద్దిన నల్లపలకలు చాలావరకు ఇక్కడివే. ఊళ్లో ఎవరింట్లో చూసినా అటక మీద రెండు మూడు ఉంటాయి. తలా ఒకటి తెచ్చుకోమన్నాను. "మేమేమైనా ఒకటో తరగతా మేడం?" అని అలిగారు. అలిగినా తెచ్చారు.

మొదటి రోజు బొమ్మ పెట్టి, పి ని ముట్టుకోకుండా అడిగాను: పి ని చుట్టు మీదే బి వైపు జరుపుకుంటూ పోతే ఎ-పి-బి కోణం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? మాట్లాడకూడదు, పలక మీద రాసి ఒకేసారి ఎత్తాలి. ఈ పలక ఎత్తించడం వల్ల నాకు దొరికింది ఇంకెందులోనూ దొరకలేదు. ముప్పై ఎనిమిది జవాబులు ఒక్క చూపులో. సగానికి పైగా "పెరుగుతుంది" అని రాశారు. ఎందుకర్రా అంటే, దగ్గరికెళ్తే పెద్దగా కనిపిస్తుంది కదా మేడం అన్నారు. ఎంత చక్కటి తప్పు! బొత్తిగా ఆలోచించని వాడికి ఈ తప్పు రాదు.

తర్వాత నెమ్మదిగా లాగాను. 50. ఇంకొంచెం. 50. ఇంకొంచెం. 50. గదిలో చిన్న గోల. పలక మీద రాసి ఉన్నవాడికి ఆ 50 కదలకపోవడం వింత, రాయనివాడికి అది ఒక అంకె, అంతే. పోయినేడాది వీడియోలోనూ ఇదే 50 ఇలాగే నిలబడింది, ఒక్కరూ కిమ్మనలేదు.

అప్పుడు ఒక అబ్బాయిని పిలిచి నువ్వు లాగు అన్నాను. వాడు నాలా బుద్ధిగా లాగడు కదా, వేలు పెట్టి సర్రున లాగేశాడు, పి బిందువు బి ని దాటేసి చిన్న చాపం మీదకి వెళ్లిపోయింది. తెర మీద 50 మాయమై 230 వచ్చింది.

ఒక్క క్షణం నిశ్శబ్దం. "మేడం, బోర్డు పాడైపోయింది." అంతా నవ్వు.

నాకు టెన్షన్ వచ్చేసింది. ఇంట్లో తయారుచేసుకున్నప్పుడు అటువైపు లాగి చూసుకోలేదు. ఆ టెన్షన్‌లో నేను చేసిన పని, "అటు వెళ్లకు, ఇటే తిప్పు" అని పి ని వెనక్కి లాగేసి, సిద్ధాంతం రాయించి, పీరియడ్ ముగించడం. అంటే పోయినేడాది వీడియో చేసిన పనే, ఈసారి నా చేత్తో.

ఆ రాత్రి కూర్చుని చూస్తే విషయం రెండు పొరలుగా ఉంది. పైపొర సాఫ్ట్‌వేర్‌ది. జియోజెబ్రా మామూలుగా కోణాన్ని ఒకే దిశలో, గడియారం ముల్లుకి ఎదురుగా, 0 నుంచి 360 దాకా కొలుస్తుంది. అందుకే ఎ, ఓ, బి అన్న వరుసలో కాకుండా బి, ఓ, ఎ అని నొక్కితే 100 బదులు 260 చూపిస్తుంది. పి అటు దాటాక లోపలి కోణం 130, అది మాత్రం బయటినుంచి చుట్టి 230 అంటోంది. సెట్టింగ్స్‌లో కోణం 0 నుంచి 180 మధ్య అని మారిస్తే 130 చూపిస్తుంది. ఇది రెండు నిమిషాల పని. లోపలి పొర లెక్కలది. 130 అయినా 100లో సగం కాదు కదా! మరి సిద్ధాంతం తప్పా? పుస్తకం తీసి ఆ వాక్యం మళ్లీ చదివాను. మాకు ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు. రెండు పేజీల్లోనూ ఆ మాట ఉంది. "మిగిలిన" వృత్తం మీద. ఇన్నేళ్లుగా నేను పాఠం చెబుతూ ఆ మాటని దాటుకుంటూ పోయాను, ఉప్మాలో కరివేపాకులాగా.

రెండో రోజు వెళ్లి నిజం చెప్పేశాను: నిన్న బోర్డు పాడవలేదు, నేనే భయపడ్డాను, ఈ రోజు అక్కడికే వెళ్దాం. పి ని మళ్లీ అటు దాటించాను, 230 వచ్చింది. ఇది నమ్ముతారా అంటే సగం మంది నమ్మం అని, సగం మంది బోర్డు చెప్పాక నమ్మాలి కదా అని. కొలుద్దాం అని చెక్క కోణమానిని తెర మీద ఆనించానో లేదో, దాని అంచు పొడవునా తెర మీద గీతలే గీతలు, పి ఎక్కడికో ఎగిరిపోయింది. తెర మీద కోణమాని పెట్టకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. చివరికి నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకుని మామూలు కోణమానితో కొలిచారు. 128, 130, 131, ఒకడికి 50 (కోణమానిలో అటువైపు అంకెలు చదివాడు, ఆ గొడవ వేరే). 130 అనుకుందాం అన్నాం. మరి 230 ఎక్కడిది అంటే మూడో బెంచీ అమ్మాయి ఒకతి 360లోంచి తీసేస్తే వస్తుంది మేడం అంది. ఆ తర్వాత సెట్టింగ్ మార్చాను. ముందే మార్చుకుని వెళ్లుంటే పాఠం నున్నగా నడిచేది కానీ ఈ మాట వచ్చేది కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. 130కి రెట్టింపు 260. బొమ్మలో 260 ఎక్కడుంది? పలకల మీద రాయమంటే చాలామంది "లేదు" అని రాశారు. ఇద్దరు మాత్రం ఓ దగ్గర బాణం గుర్తు వేశారు, చుట్టూ తిరిగి వచ్చేలా. వాళ్లలో ఒకడిని పిలిచి వేలితో చూపించమంటే, ఎ దగ్గర మొదలుపెట్టి పెద్ద చాపం వైపు నుంచి మెల్లగా తిప్పుకుంటూ బి దాకా వచ్చాడు. అక్కడ తరగతి మొత్తానికి వెలిగింది అనను, నలుగురైదుగురికి వెలిగింది. మిగతావాళ్ల కోసం ఇలా చెప్పాను: పి నిలబడ్డ చాపం మన చాపం కాదు. పి కి ఎదురుగా ఉన్నదే మన చాపం. పి పైనుంటే ఎదురుగా చిన్నది, కేంద్రం దగ్గర 100. పి కిందికి దిగితే ఎదురుగా పెద్దది, కేంద్రం దగ్గర 260. సిద్ధాంతం ఎక్కడా తప్పలేదు, మనం చాపం మార్చడం మరిచిపోయాం. "అయితే 50, 130 కలిపితే 180 మేడం" అని ఒకడు. చక్రీయ చతుర్భుజం సిద్ధాంతం (నాలుగు మూలలూ వృత్తం మీదున్న చతుర్భుజంలో ఎదురెదురు కోణాలు కలిపితే 180) వారం తర్వాత చెప్పాల్సింది, వాడు ముందే తెచ్చి బల్ల మీద పెట్టాడు.

నిరూపణ మాత్రం నేను ప్యానెల్ మీద చేయలేదు, పక్కన మిగిలిన ఆకుపచ్చ చీలిక మీద సుద్దతోనే చేశాను. పి నుంచి ఓ గుండా గీత పొడిగించడం, రెండు వ్యాసార్ధాలతో సమద్విబాహు త్రిభుజం, బాహ్యకోణం 2x, రెండోవైపు 2y, కలిపితే రెట్టింపు. ఆరేడు వరసలు. ప్యానెల్ మీద రాస్తే నాలుగో వరసకి తెర నిండిపోయి కొత్త పేజీకి వెళ్తాం, నెమ్మదిగా రాసుకునేవాడి కింద నేల కదిలిపోతుంది. సుద్ద రాత పీరియడ్ అంతా అక్కడే ఉంటుంది, మూడో వరస అర్థంకాని పిల్ల ఏడో వరస దగ్గర తలెత్తి మళ్లీ మూడో వరస చూసుకుంటుంది. కదిలేవన్నీ తెర మీద, నిలబడాల్సినవన్నీ సుద్దతో. ఇప్పుడు నాకిది అలవాటైపోయింది.

ఎవరు ముట్టుకోవాలన్న దాని గురించి. ప్యానెల్ అనగానే ఎగిరి దూకేవాళ్లు ప్రతి తరగతిలో నలుగురే ఉంటారు, రోజూ ఆ నలుగురే. రోల్ నంబర్ల ప్రకారం పిలిస్తే సిగ్గుపడే పిల్లలు వచ్చి శిలల్లా నిలబడ్డారు. చివరికి కుదిరింది ఒక ఆట: చెయ్యి ఒకరిది, మాట ఇంకొకరిది. తెర దగ్గరున్నవాళ్లు నోరు విప్పకూడదు, కూర్చున్నవాళ్లు చెప్పినట్టు మాత్రమే జరపాలి. మొదట్లో "అటు, ఇటు, ఆ గుండ్రం దగ్గర" అంటూ అరిచారు. తెర దగ్గరున్న పిల్ల తికమకపడి తప్పు చోటికి లాగేసరికి, మెల్లగా "పి ని చిన్న చాపం మీదకి తే", "బి దాటొద్దు", "ఓ నుంచి వ్యాసార్ధం గీయి" అనడం మొదలైంది. పుస్తకంలో మాటలు నోట్లోకి వచ్చాయి. పరీక్ష ఇంగ్లీషులో రాయాల్సిన పిల్లలు తెలుగులో ఇంత స్పష్టంగా అడగగలగడం నాకు పెద్ద విషయమే. ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి, కూర్చున్న చోటునుంచి మొహం చూపించక్కర్లేదు కాబట్టేమో, ఆ రోజు ఎక్కువ ఆదేశాలు తనే ఇచ్చింది.

మూడో రోజు కరెంటు పోయింది. మా దగ్గర ఇది వార్త కాదు. నా గాజు తీసి కాగితం మీద పెట్టి వృత్తం గీయించాను, రెండు సార్లు మడిస్తే మడతలు కలిసేచోట కేంద్రం. ఎ, బి పెట్టి, పెద్ద చాపం మీద పి పెట్టి, ఆ కోణం కొలతకి రెండు కాగితం ముక్కలు కత్తిరించి, కేంద్రం దగ్గర పక్కపక్కన పేర్చితే సరిగ్గా సరిపోయాయి. కొంతమందికి జియోజెబ్రా కంటే ఇదే ఎక్కువ నచ్చింది, చేత్తో కత్తిరించింది కదా. ఆ పీరియడ్‌కి ప్యానెల్ అద్దంలా మాత్రమే పనికొచ్చింది, ఇద్దరు ఆడపిల్లలు జడలు సరిచేసుకున్నారు.

ఫలితం. తర్వాతి పరీక్షలో అదే బొమ్మ, అంకె మార్చి ఇచ్చాను: కేంద్రం దగ్గర 120, పి చిన్న చాపం మీద. 38 మందిలో 27 మంది 120 అని సరిగ్గా రాశారు. ఇక్కడ నేనొక పొరపాటు చేశాను, గమనించారా? 120 ఇస్తే జవాబు కూడా 120 వస్తుంది, 240లో సగం. ఏమీ చేయకుండా ఇచ్చిన అంకెనే దించేసినా మార్కు పడుతుంది. పేపర్లు దిద్దుతుంటే తట్టింది, తల కొట్టుకున్నాను. కాబట్టి బొమ్మలో పెద్ద చాపం వైపు బాణం గీసి 240 చూపించినవాళ్లనే లెక్కలోకి తీసుకుంటే 19 మంది. పోయినేడాది ముగ్గురు. బాగుపడింది నిజమే. కానీ ఈసారి రెండు పీరియడ్ల పాఠానికి నాలుగు తీసుకున్నాను, పలకలు వాడాను, గాజు వాడాను, పిల్లలు వేరు. ప్యానెల్ వల్లే అని నేను సంతకం పెట్టలేను. సిలబస్ వెనకబడిందని హెడ్‌మాస్టర్ గారు అడిగితే ఆదివారం ఒక క్లాసు పెట్టుకున్నాను, అదీ ఖర్చులోనే రాయాలి.

ఈ సందేహం నాకొక్కదానికే కాదు. బ్రిటన్‌లో ఈ బోర్డుల సంబరం మనకంటే దాదాపు ఇరవై ఏళ్ల ముందే నడిచింది. లండన్ హైస్కూళ్లలో పెద్దఎత్తున పెట్టాక 2007లో వచ్చిన మూల్యాంకన నివేదిక, బోర్డులు పెరిగినందువల్ల ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు ఫలితాలు మెరుగయ్యాయనడానికి ఆధారం దొరకలేదని తేల్చింది. అది చదివినప్పుడు నాకు బాధేమీ కలగలేదు. నా మొదటి ఏడాది తరగతిని ఎవరైనా కొలిచి ఉంటే వాళ్లూ అదే రాసేవాళ్లు.

మీరెవరైనా ఇదే పాఠం ఇలా చెప్పబోతుంటే, ఇంట్లో బిందువుని అన్ని వైపులా లాగి చూసుకోండి, అయినా ఆ 0–360 సెట్టింగ్ మాత్రం మార్చకుండా తీసుకెళ్లండి. కరెంటు లేని రోజుకి గాజు, కత్తెర సంచిలో ఉంచుకోండి. పరీక్షలో 120 ఇవ్వకండి.

ఆ యూనిట్ అయిపోయిన రోజు చివరి పది నిమిషాలు ప్యానెల్ పిల్లలకి వదిలేశాను. ఒకడు వచ్చి, పి ని సరిగ్గా బి మీదే పెడితే ఎంత చూపిస్తుంది మేడం అన్నాడు. నా దగ్గర తయారుగా జవాబు లేదు, పెట్టి చూడు అన్నాను. వేలు లావు, బిందువు సన్నం, ఎన్నిసార్లు పెట్టినా కొంచెం ఇటో అటో పడుతోంది. ఇటు 50, అటు 130. రెండు వేళ్లతో జూమ్ చేశారు. మళ్లీ పెట్టారు, మళ్లీ జూమ్ చేశారు. ఎ, ఓ ఎప్పుడో తెర దాటి వెళ్లిపోయాయి, పి, బి మాత్రమే మిగిలాయి, పి ఎంత దగ్గరికి జరిగినా పక్కన 50 అలాగే నిలబడి ఉంది. స్పర్శరేఖలు (వృత్తాన్ని ఒక్క బిందువు దగ్గరే తాకే గీతలు) పదో తరగతిలో వస్తాయి, చెప్పాలా వద్దా అని నేను ఆలోచించుకుంటుండగానే బెల్లు కొట్టారు. సంచి భుజాన వేసుకుని వెళ్తూ తెర వంక చూసిన ఒక పిల్ల ఆగి, "ఇదేంటి మేడం, వృత్తం గీత అయిపోయింది?" అంది.